పేగు చెడిన సంగతి రక్తంలో తెలుస్తుందా? మద్యం దెబ్బ తిన్న లివర్‌కి ఏ పరీక్ష ఎంచుకోవాలి

మొన్న సోమవారం తెనాలి నుంచి ఒకావిడ మా ల్యాబ్‌కి వచ్చింది. గుంటూరు కొత్తపేటలో మా సందు పొద్దున్న ఎనిమిదింటికే జనంతో నిండిపోతుంది. ఆవిడ అందరూ వెళ్లేదాకా బల్ల చివర కూర్చుంది. తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పింది. బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌లో చెబుతుంటే రాసుకుందట. జోనులిన్, ఎల్‌బీపీ, ఎండోటాక్సిన్, ఐ-ఎఫ్ఏబీపీ, సిట్రులిన్. ఒక్కో పేరు ఒక్కో లైన్లో, కొట్టివేతలతో.

"బాబూ, మందు తాగితే ముందు పేగు పాడవుద్దంట, దానివల్ల లివర్ ఇంకా పాడవుద్దంట. ఇవి చేయిస్తే ఎంతవరకు పాడైందో తెలుస్తుందని మావాడు చెప్పాడు. గాజులు తాకట్టు పెట్టయినా చేయిస్తా" అంది.

భర్తకి 46 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా తాగుతున్నాడు. నెల రోజులుగా పొట్ట ఉబ్బుతోంది. కొడుకు చదివినదాంట్లో అబద్ధం ఏమీ లేదు, పేగుకీ లివర్‌కీ ఆ సంబంధం నిజమే. ఆ ఐదు పరీక్షల్లో ఏది కొనాలి, ఏది కొనకూడదు, అసలు ముందు చేయించాల్సింది ఏది అన్నది మాత్రం ఆ కాగితంలో లేదు. అది ఆవిడకి అరగంట కూర్చోబెట్టి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. వైద్యం చెప్పడం డాక్టర్ల పని. ఏ గొట్టంలో ఏం కొలుస్తామో, ఆ అంకెని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడం నా పని.

ముందే తేల్చి చెబుతాను. ఇంట్లో మనిషి కోసం అయితే ఆ ఐదింటిలో ఒక్కదానికి కూడా ముందుగా డబ్బు పెట్టకండి. డాక్టర్ పీజీ పిల్లల థీసిస్ కోసం అయితే వాటిలో రెండు పనికొస్తాయి.

పేగు నుంచి లివర్‌కి దారి

పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క వరుస కణాలు. ఆ కణాల మధ్య గట్టి బిగింపులు ఉంటాయి. ఆల్కహాల్, దాన్నుంచి శరీరంలో తయారయ్యే అసిటాల్డిహైడ్ ఆ బిగింపుల్ని వదులు చేస్తాయి. అప్పుడు పేగులో ఉండే బ్యాక్టీరియా గోడల ముక్కలు రక్తంలోకి జారతాయి. వీటినే ఎండోటాక్సిన్ అనీ ఎల్‌పీఎస్ అనీ అంటారు. లివర్‌కి చేరే రక్తంలో నూటికి 70 నుంచి 75 పాళ్లు పోర్టల్ సిర ద్వారా పేగుల వైపు నుంచే వస్తుంది. కాబట్టి ఆ చెత్తంతా మొదట పడేది లివర్ మీదే. అక్కడ కాపలా ఉండే కుప్ఫర్ కణాలు రెచ్చిపోయి వాపు పుట్టిస్తాయి. అసలే మందుతో అలసిన లివర్‌కి ఇది రెండో దెబ్బ.

అయితే తాగే ప్రతి ఒక్కరి పేగూ కారదు. బెల్జియంలో చేసి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మద్యం వ్యసనం ఉన్నవాళ్లలో కొంతమందికే పేగు లీకేజీ కనిపించింది. వాళ్లలో కూడా మూడు వారాలు మందు మానేశాక అది సర్దుకుంది. ఈ మూడు వారాల మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గండి, నీళ్లు, పడవలు

ఈ పరీక్షల మధ్య తేడా విజయవాడ వాళ్లకి చెప్పడం తేలిక. 2024 వరదల్లో బుడమేరు కట్టకి గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. గండి ఎంత పెద్దదో తెలుసుకోవడానికి మూడు దారులున్నాయి. కొట్టుకొచ్చిన కట్ట మట్టిని చూడొచ్చు. వీధిలో నీళ్లెంత లోతున్నాయో కొలవొచ్చు. లేదంటే ఎన్ని పడవలు దిగాయో లెక్కపెట్టొచ్చు. రక్త పరీక్షలూ ఇంతే. ఐ-ఎఫ్ఏబీపీ, సిట్రులిన్ కట్ట సంగతి చెబుతాయి. ఎండోటాక్సిన్ నీళ్ల సంగతి చెబుతుంది. ఎల్‌బీపీ, సీడీ14 అనే ఇంకో ప్రోటీన్ పడవల లెక్క, అంటే కారినదానికి శరీరం ఎంతగా స్పందించిందో చెబుతాయి.

ఐ-ఎఫ్ఏబీపీ పేగు పొర కణాల లోపల ఉండే చిన్న ప్రోటీన్. చిన్నపేగు కణం దెబ్బతిని పగిలితే రక్తంలోకి వస్తుంది. ఇంత నేరుగా పేగు గురించి చెప్పేది మిగతావాటిలో లేదు, అందుకే పరిశోధకులకి ఇదంటే ఇష్టం. పేగుకి రక్తం అందని ఎమర్జెన్సీల్లో కూడా దీన్ని పరిశీలించారు. దీనికి మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, రక్తంలో దీని సగం ఆయుష్షు దాదాపు 11 నిమిషాలే. అంటే సూది గుచ్చిన ఆ ఘడియలో పేగులో ఏం జరుగుతోందో చెబుతుంది, నిన్న రాత్రి సంగతి చెప్పదు. రెండు, దీన్ని శరీరం నుంచి బయటికి పంపేది కిడ్నీ. ముదిరిన సిర్రోసిస్‌లో (లివర్ మచ్చకట్టి గట్టిపడే దశ) కిడ్నీ మందగించడం మామూలు, అప్పుడు పేగు బాగున్నా అంకె పెరుగుతుంది. పక్కన కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ లేకుండా ఈ రిపోర్ట్ చదివితే మోసపోతాం. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కణాలు బతికే ఉండి వాటి మధ్య బిగింపులు మాత్రమే వదులైతే పేగు కారుతూనే ఉంటుంది, ఐ-ఎఫ్ఏబీపీ మాత్రం మామూలుగానే కనబడొచ్చు. కట్ట మట్టి కొట్టుకు రాకుండానే అడుగు నుంచి నీరు ఊరినట్టు. పైగా ఒక్కో కిట్టు ఒక్కో రకం అంకెలిస్తుంది. ఇంతకి మించితే జబ్బు అని అందరూ ఒప్పుకున్న గీత లేదు.

ఎండోటాక్సిన్ కొలత వినడానికి సూటిగా ఉంటుంది. కారినదాన్నే కొలుస్తున్నాం కదా అనిపిస్తుంది. ఎన్నాళ్లుగానో వాడుకలో ఉన్న పద్ధతిలో గుర్రపు డెక్క పీత రక్తం నుంచి తీసిన రసాయనం వాడతారు, ఎండోటాక్సిన్ తగిలితే అది గడ్డకడుతుంది. మన బంగాళాఖాతం ఒడ్డున ఒడిశా తీరంలోనూ ఈ జాతి పీతలున్నాయి. చిక్కెక్కడంటే ఎండోటాక్సిన్ దుమ్ములో ఉంటుంది, నీళ్లలో ఉంటుంది, మామూలు గొట్టం గోడ మీద ఉంటుంది. గాజు సామాను మీద దాన్ని పోగొట్టాలంటే 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి, మామూలు ఆటోక్లేవ్ చాలదు. ఇంకోపక్క రక్తంలోని ప్రోటీన్లు దాన్ని పట్టి దాచేస్తాయి, ఉన్నా కనబడదు. నెయ్యి, నూనె బాగా వేసిన భోజనం తర్వాత ఆరోగ్యవంతుడిలోనూ కాస్త పెరుగుతుంది. ఒకేసారి ఎక్కువగా తాగిన ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఇది పెరిగినట్టు 2014లోనే ఒక అమెరికా అధ్యయనం చూపించింది. మామూలు ల్యాబ్‌లో, మామూలు గొట్టంలో తీసిన రక్తానికి ఎండోటాక్సిన్ అంకె ఇస్తామంటే నేనైతే నమ్మను.

ఎల్‌బీపీ ఎండోటాక్సిన్‌ని పట్టుకునే ప్రోటీన్. రక్తంలో నిలకడగా ఉంటుంది, కొలవడం తేలిక, శాంపిల్ కాస్త ఆలస్యమైనా తట్టుకుంటుంది. పొట్టలో నీరు చేరిన సిర్రోసిస్ రోగుల్లో కొందరికి ఇది ఎక్కువగా ఉండటం, పేగు బ్యాక్టీరియాని తగ్గించే నార్‌ఫ్లాక్సాసిన్ ఇచ్చాక దిగటం 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో కనబడింది. అందుకే దీనికి విలువ ఉంది. కానీ దీన్ని తయారు చేసేది లివరే. నిమోనియా వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. లివర్ పూర్తిగా చేతులెత్తేస్తే తయారీ తగ్గిపోయి అంకె దిగొచ్చు. ఆ దిగిన అంకె చూసి ఇంట్లోవాళ్లు సంతోషపడతారు. కరిగే రూపంలోని సీడీ14 సంగతీ దాదాపు ఇదే. దాన్ని తెల్ల రక్తకణాలూ విడుదల చేస్తాయి, లివరూ చేస్తుంది.

సిట్రులిన్ పేగు కణాలు తయారు చేసే అమైనో ఆమ్లం. పేగు చాలావరకు తీసేసిన రోగుల్లో మిగిలిన పేగు ఎంత పని చేస్తోందో చెప్పడానికి బాగా పనికొస్తుంది. లీకేజీ గురించి ఏమీ చెప్పదు, కిడ్నీ చెడితే ఇదీ పెరుగుతుంది. డి-లాక్టేట్ అని ఇంకొకటి ఉంది, బ్యాక్టీరియా తయారు చేసేది. ఆస్పత్రుల్లో మామూలుగా చేసే లాక్టేట్ పరీక్షలో ఇది కొలవరు, రెండూ ఒకటే అనుకోకండి.

ఇక జోనులిన్. దీని గురించి గట్టిగానే చెప్పాలి. పేగు బిగింపుల్ని వదులు చేసే జోనులిన్ అంటే ప్రీహాప్టోగ్లోబిన్-2 అనే ప్రోటీన్ అని 2009లో తేల్చారు. తర్వాత పరిశోధకులు పరీక్షించి చూస్తే బజారులో ఎక్కువగా అమ్ముడుపోయే కిట్లు దాన్ని పట్టడం లేదు, వేరే ప్రోటీన్లని పడుతున్నాయి. పైగా పుట్టుకతో హాప్టోగ్లోబిన్ అనే రక్త ప్రోటీన్ 1-1 రకం ఉన్నవాళ్లు ఆ జోనులిన్‌ని అసలు తయారే చేయరు. అలాంటి మనిషికి రిపోర్ట్‌లో అంకె వస్తే ఆ అంకె దేనిది?

ఇంత కోపంగా రాయడానికి కారణముంది. ఇదివరకు నేను పనిచేసిన ఒకచోట ఈ పరీక్షని ప్యాకేజీలో పెట్టి అమ్మేవాళ్లు. లారీ ట్రాన్స్‌పోర్ట్ నడిపే ఒకాయనకి జోనులిన్ ఎక్కువ అని వచ్చింది. ఆయన పేగు బాగుచేసే పొడి ఒకటి తెచ్చుకుని రోజూ పొద్దున్నే తాగేవాడు, రాత్రి మందు కూడా తాగేవాడు. పొడి వేసుకుంటున్నాను కదా అని ధైర్యం. ఎనిమిది నెలలకి రక్తం వాంతి చేసుకుని ఆస్పత్రిలో చేరాడు. మొదటి రోజే ప్లేట్‌లెట్లు (లివర్ గట్టిపడితే ఇవి తగ్గుతాయి) చూసి ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఆ రిపోర్ట్ మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటి మనిషి కోసమైతే

తెనాలి ఆవిడ సంచిలో ఆరు నెలల కిందటి పాత రిపోర్ట్ ఒకటి ఉంది. లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీఓటీ 112, ఎస్‌జీపీటీ 48, ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ మూడు అంకెలు, వయసు ఉంటే ఫిబ్-4 అనే లెక్క వేయొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి: 46 ఇంటూ 112, అంటే 5152. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని, అంటే 110, దాన్ని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. 48కి వర్గమూలం దాదాపు 6.93, గుణిస్తే 762. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6.8 వస్తుంది. 1.3 కన్నా తక్కువైతే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఈయనకి 6.8. గాజులు తాకట్టు పెట్టి తెలుసుకోవాలనుకున్న సంగతి ఆరు నెలలుగా సంచిలోనే ఉంది.

ఈ లెక్కకీ హద్దులున్నాయి. రెండు రోజుల కిందటిదాకా బాగా తాగి ఉంటే ఎస్‌జీఓటీ ఎక్కి లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. 35 ఏళ్ల లోపు వాళ్లకి అంత నమ్మకంగా పనిచేయదు. 65 దాటినవాళ్లకి కింది గీతని 1.3 బదులు 2గా తీసుకుంటారు. మందు వల్ల చెడిన లివర్‌లో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉండటం మామూలు, అయినా 400 దాటడం అరుదు. వేలల్లోకి వెళ్తే వేరే కారణం వెతకాలి: పారాసెటమాల్ ఎక్కువ మింగారా, వైరస్ కామెర్లా, ఎక్కడైనా పసరు పోయించారా. పసరు సంగతి డాక్టర్‌కి దాచకండి. మన జిల్లాల్లో కామెర్లంటే ముందు అటే వెళ్తారు, తర్వాత చెప్పడానికి మొహమాటపడతారు.

కాబట్టి నా ఎంపిక ఇది. మొదట సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్షలు), జీజీటీ (మందు తాగితే పెరిగే లివర్ ఎంజైమ్), పీటీ ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో), క్రియాటినిన్. వీటితోపాటు హెపటైటిస్ బి, సి ఒకసారి, పొట్ట అల్ట్రాసౌండ్. ఆల్బుమిన్, ఐఎన్ఆర్, బిలిరుబిన్ లివర్ ఇంకా ఎంత పని చేస్తోందో చెబుతాయి. లివర్ గట్టిదనం కొలవాలంటే ఫైబ్రోస్కాన్ అనే స్కాన్, అంకె కిలోపాస్కల్స్‌లో వస్తుంది. దానికి కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. 8 కిలోపాస్కల్స్ లోపు ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు, 12 దాటితే జాగ్రత్త పడాలి. ఎస్‌జీఓటీ బాగా ఎక్కి ఉన్నప్పుడు చేస్తే వాపు వల్ల ఎక్కువ చూపిస్తుంది, మందు మానేసిన కొన్ని వారాలకి మళ్లీ చేయించుకోవడం మేలు. పొట్టలో నీరున్నవాళ్లకి మామూలు ఫైబ్రోస్కాన్ పనిచేయదు. అలాంటివాళ్లకి దానికోసం విజయవాడ సూర్యారావుపేట దాకా తిరగకండి.

మనిషి తికమకగా మాట్లాడుతుంటే, పగలు నిద్ర రాత్రి మెలకువగా ఉంటే ఇంట్లోవాళ్లు అమోనియా పరీక్ష చేయమని అడుగుతారు. అమోనియా పేగుల నుంచే ఎక్కువగా వస్తుంది కాబట్టి దీన్నీ పేగు పరీక్ష అనుకుంటారు. పేగు పొర ఎంత చెడిందో ఇది చెప్పదు. పైగా ఇంత గారం చేయాల్సిన శాంపిల్ మా దగ్గర ఇంకోటి లేదు. చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించకూడదు, గొట్టాన్ని ఐసు ముక్కల్లో కూరి పరిగెత్తాలి. బయట పావుగంట ఉంచితే గొట్టంలోనే అంకె పెరిగిపోతుంది. డాక్టర్ మనిషిని చూసి, చేతులు చాపమని వణుకు చూసి వైద్యం మొదలుపెడతారు. అంకె కోసం ఆగితే ఆలస్యమవుతుంది.

పొట్టలో నీరుంటే

పేగు గోడ దాటి బ్యాక్టీరియా వచ్చిందని కొన్ని గంటల్లో, మన ఊళ్లోనే చెప్పగల పరీక్ష ఒకటి ఉంది. అది రక్త పరీక్ష కాదు. పొట్ట నీటిని సూదితో తీసి అందులో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్ని లెక్కపెట్టడం. ఒక ఘన మిల్లీమీటరుకి 250, అంతకన్నా ఎక్కువ ఉంటే కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) రిపోర్ట్ కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. పొట్ట నీరుతో జ్వరం, కడుపునొప్పి, తికమక, మూత్రం తగ్గడం ఏది ఉన్నా ఆ రోజే ఈ పరీక్ష చేయాలి. జ్వరం, నొప్పి లేకుండా కూడా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అందుకే పొట్ట నీరు కొత్తగా చేరినా, నీరున్న మనిషి ఏ కారణంతో ఆస్పత్రిలో చేరినా ఒకసారి తీసి చూడాలంటారు. కల్చర్ బాటిల్లో మంచం పక్కనే పది మిల్లీలీటర్లు పోస్తే సూక్ష్మజీవి దొరికే అవకాశం పెరుగుతుంది. తర్వాత ల్యాబ్‌లో పోస్తే ఆ అవకాశం తగ్గుతుంది. లెక్కకి పంపే నీటిని సీబీపీకి వాడే ఊదారంగు మూత గొట్టంలో వేయండి. మామూలు సీసాలో గడ్డకట్టి వస్తే మేము లెక్కపెట్టలేం.

దీనికి గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రులు చాలు. ఆ రెండు ఊళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది.

థీసిస్ రాసే పీజీ పిల్లలకి

ఏటా ఒకరిద్దరు వచ్చి ఏ మార్కర్ తీసుకోమంటారు సార్ అని అడుగుతారు. ఐ-ఎఫ్ఏబీపీ, ఎల్‌బీపీ రెండూ కలిపి తీసుకోండి. ఒకటి కట్ట, ఒకటి పడవ. పక్కన క్రియాటినిన్, వాపు చెప్పే సీఆర్‌పీ తప్పనిసరి, లేకపోతే అంకె ఎందుకు పెరిగిందో వైవాలో చెప్పలేరు. జోనులిన్ వద్దు. రోగుల్ని ఆరోగ్యవంతులతో పోల్చడం కన్నా అదే మనిషిని మందు మానిన మొదటి రోజున, మూడు వారాల తర్వాత చూడండి, తక్కువమందితోనే గట్టి సమాధానం వస్తుంది. ఆఖరి పెగ్గు ఎప్పుడు తాగారో గంటతో సహా రాసుకోండి. అందరికీ పరగడుపున, ఒకే రకం గొట్టంలో తీయండి. సీరం పంచుకుని మైనస్ 80లో పెట్టండి, అన్ని శాంపిళ్లనీ ఒకే బ్యాచ్ కిట్టుతో చివర్లో ఒకేసారి చేయండి.

మానిపించేటప్పుడు

రోజూ తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా ఆపించకండి. మొదటి రోజు నుంచి నాలుగో రోజు లోపల వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గర, థయామిన్ (బి1 విటమిన్) ఇస్తూ ఆపాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 మద్యం, మత్తు పదార్థాలు మానడానికి సాయం చేసే జాతీయ నంబరు. మనసు బాగాలేకపోతే 14416, తెలుగులోనే మాట్లాడతారు.

ఆవిడ బుధవారం భర్తని తీసుకెళ్లి చేర్పించింది. పొట్ట నీరు గడ్డి రంగులో, తేటగా వచ్చింది. లెక్క 90, ఇన్ఫెక్షన్ లేదు. ఆ రాత్రి బెంగళూరు నుంచి కొడుకు ఫోన్ చేశాడు. "మరి పేగు సంగతి అంకుల్?" అన్నాడు.

సిర్రోసిస్ ముదిరాక పోర్టల్ సిరలో ఒత్తిడి వల్ల కూడా పేగు వాస్తుంది, అది పూర్తిగా సర్దుకోకపోవచ్చని చెప్పాను. మందు వల్ల వదులైన భాగం మాత్రం మానేస్తే బిగుస్తుంది. దాన్ని చూడటానికి వేలు పోసి ఏ కిట్టూ కొనక్కర్లేదు, జీజీటీ వారాల్లో దిగుతుంది, ఎస్‌జీఓటీ దానికన్నా ముందే దిగుతుంది, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీకి నెలలు పడుతుంది అన్నాను. రాసుకుంటున్నాడు, పెన్ను చప్పుడు వినబడింది. మూడు వారాల తర్వాత వచ్చే బుధవారానికి ఎల్ఎఫ్‌టీ, జీజీటీ, సీబీపీ, క్రియాటినిన్ అని వాళ్లమ్మ కార్డు మీద రాసి పెట్టాను.